తారు రోడ్డు ముదిరిందని కనిపెట్టడం, వానలకు ముందే కాపాడుకోవడం ఎలా?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బీటీ రోడ్ల (పైన తారు పొర వేసిన రోడ్ల) మంచిచెడ్డలు చూడవలసిన వారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను. మీరు గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ కావచ్చు, వార్డు సచివాలయంలో వసతుల కార్యదర్శి కావచ్చు, సొంత డబ్బుతో వీధులు వేయించుకున్న లేఅవుట్ సంఘానికి పెద్ద కావచ్చు. రోడ్డు వయసును మనం సాధారణంగా ప్రారంభోత్సవ ఫలకం మీది సంవత్సరం చూసి లెక్కవేస్తాం. కానీ రోడ్డులోని తారుకు ఆ లెక్క పట్టదు. ఒకే వేసవిలో, ఒకే క్రషర్ కంకరతో వేసిన రెండు రోడ్లలో ఒకటి చక్కగా నిలిచి ఉండగానే రెండోది చిప్స్ (సన్న కంకర రాళ్లు) లేచి గరుకుబారడానికి చాలావరకు కారణం వాటిలోని తారు వేర్వేరు వేగాలతో ముదరడమే. ఆ వేగాన్ని ముందుగా పసిగట్టగలిగితే, గుంతలు పడిన తరువాత పెట్టవలసిన ఖర్చులో కొంత భాగంతోనే రోడ్డును నిలబెట్టుకోవచ్చు.

మొదట, తారు ఎందుకు ముదురుతుందో తెలుసుకోండి

రోడ్లకు వాడే తారు, అంటే బిటుమెన్‌లో రసాయనికంగా నాలుగు రకాల పదార్థాలు ఉంటాయి. అవి సాచురేట్లు, ఆరోమాటిక్‌లు, రెసిన్లు, ఆస్ఫాల్టీన్లు. మొదటి రెండూ నూనెల వంటివి కనుక తారుకు మెత్తదనాన్ని, సాగే గుణాన్ని ఇస్తాయి. చివరిదైన ఆస్ఫాల్టీన్ గట్టిదనాన్ని ఇస్తుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలేకొద్దీ ఆరోమాటిక్‌లు రెసిన్లుగా, రెసిన్లు ఆస్ఫాల్టీన్లుగా మారుతూ వస్తాయి. దీనికి తోడు ఎక్కువ వేడి వద్ద తేలికపాటి నూనెలు కొంత ఆవిరైపోతాయి. బెల్లం పాకం పొయ్యి మీద ఎక్కువసేపు ఉంటే తీగ సాగడం మాని పెళుసుబారినట్టే, తారు కూడా సాగడం మాని విరగడం మొదలుపెడుతుంది.

ఈ మార్పు రెండు దశల్లో జరుగుతుంది. మొదటిది కంకరనూ తారునూ వేడిగా కలిపే హాట్ మిక్స్ ప్లాంట్‌లో, టిప్పర్‌లో, మిశ్రమాన్ని పరిచే పేవర్ కింద కొద్ది గంటల్లో ముగుస్తుంది. వేడి కంకర మీద తారు పలుచని పొరగా పరుచుకున్నప్పుడు గాలికి తగిలే వైశాల్యం ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, రోడ్డు జీవితం మొత్తం మీద గంటకింతని లెక్కవేస్తే అత్యంత వేగంగా ముదిరేది ఈ కొద్దిసేపట్లోనే. ల్యాబ్‌లో దీన్ని అంచనా వేయడానికి తారును 163 డిగ్రీల సెల్సియస్ వద్ద 85 నిమిషాలు తిరిగే సీసాల్లో ఉంచి వేడి గాలి తగిలిస్తారు. ఆ పరీక్ష తరువాత 60 డిగ్రీల వద్ద కొలిచే చిక్కదనం మొదటి విలువకు నాలుగు రెట్లు మించకూడదని తారుకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 73 చెబుతోంది. అంటే అన్ని నిబంధనలూ పాటించిన మంచి తారు కూడా రోడ్డు మీద పరుచుకునేసరికే రెండు మూడు రెట్లు చిక్కబడి ఉండవచ్చు. రెండో దశ ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. దీన్ని అనుకరించడానికి అదే తారును 2.1 మెగాపాస్కల్ గాలి ఒత్తిడిలో, సుమారు 100 డిగ్రీల వద్ద 20 గంటలు ఉంచుతారు.

ముదరడం మొత్తంగా చెడ్డదేమీ కాదు. రోడ్డు వేసిన తొలి వేసవుల్లో తారు కొంత గట్టిపడటం వల్ల లారీల చక్రాల కింద గాడులు పడటం తగ్గుతుంది. ఆ గట్టిదనం ఒక హద్దు దాటినప్పుడే నష్టం మొదలవుతుంది. పగటి వేడికి వ్యాకోచించి రాత్రి చల్లదనానికి సంకోచించే పొర సాగలేక బీటలు వారుతుంది, చక్రాలు పదేపదే వంచినప్పుడు త్వరగా అలసిపోతుంది, రాయిని పట్టి ఉంచే శక్తి తగ్గి చిప్స్ ఊడిపోతాయి.

మన వాతావరణం దీనికి రెండు వైపుల నుంచీ తోడవుతుంది. తిరుపతిలో మే నెలలో గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు నల్లని రోడ్డు పైతలం 60 డిగ్రీలు దాటుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుందని స్థూలంగా చెప్పే సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. వేసవిలో పెళుసుబారిన ఆ పొర మీదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన పడుతుంది. 2021 నవంబరు వంటి వానలు వచ్చినప్పుడు ముందే బీటలు వారిన రోడ్లలోకి నీరు ఎంత లోతుకు దిగుతుందో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న పలమనేరు వైపు ఎండ తీవ్రత కొంత తక్కువ, రాత్రులు చల్లన. అక్కడ ముదరడం నెమ్మదిగా జరిగినా, ముదిరిన పొర మీద చల్లని రాత్రుల ప్రభావం కొంచెం ఎక్కువ.

రెండో పని: రోడ్డు పుట్టుపూర్వోత్తరాలు సేకరించండి

ఎం-బుక్ (పని కొలతల పుస్తకం), ఎస్టిమేట్, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టులు దగ్గర పెట్టుకుని ఈ విషయాలు రాసుకోండి: వేసిన నెల, సంవత్సరం, తారు గ్రేడు, పొర రకం, మందం, తారు శాతం, ప్లాంట్ నుంచి ఉన్న దూరం, రోలింగ్ తరువాత తీసిన కోర్లలో (రోడ్డును గుండ్రంగా తొలిచి తీసే నమూనాల్లో) గాలి ఖాళీల శాతం. వీటన్నిటిలోనూ చివరిదే ముఖ్యమని నా అభిప్రాయం. ఖాళీలు ఎనిమిది శాతం దాటితే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, గాలికీ నీటికీ లోపలిదాకా దారి ఏర్పడుతుంది. అటువంటి రోడ్డులో పైనుంచి కిందిదాకా పొర మొత్తం ముదురుతుంది. బాగా రోలింగ్ జరిగిన రోడ్డులో పై కొద్ది మిల్లీమీటర్లకే నష్టం పరిమితమవుతుంది. ఆ కోర్ రిపోర్టు ఫైలులో లేకపోతే, లేదన్న సంగతి కూడా రాసుకోండి. పరీక్షలు చేయించేటప్పుడు మొదట కొలిపించవలసినది అదే.

మూడో పని: జనవరిలో రోడ్డు మీద నడవండి

ఈశాన్య వానలు వెనకబట్టిన వెంటనే, ఉదయం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు నడిచి చూడండి. ఆ వెలుగులో సన్నని బీటలు కూడా నీడలు పరిచి కనిపిస్తాయి. ముందు రోజు కాస్త జల్లు పడి ఉంటే మరీ మంచిది, ఎందుకంటే పైతలం ఆరిపోయిన తరువాత కూడా బీటల్లో తడి నిలిచి గీతల్లా కనబడుతుంది.

రంగును మాత్రమే నమ్మకండి. చక్రాల రాపిడికి పై తారు పొర అరిగిపోయి గ్రానైట్ కంకర బయటపడినా రోడ్డు బూడిద రంగులో కనిపిస్తుంది, అది ముదరడానికి రుజువు కాదు. రాళ్ల మధ్య ఉండవలసిన సన్నని పదార్థం, అంటే తారుతో కలిసిన డస్ట్, ఎంత లోతుకు పోయిందో వేలితో తడిమి చూడండి. గట్టి స్క్రూడ్రైవరుతో ఒక చిప్‌ను పెకలించండి. ఎండవేళ కూడా అది సాగకుండా టక్కున ఊడి వచ్చి, దాని అడుగున తారు మెరుపు లేకుండా పొడిగా ఉంటే ముదిరిందని అనుమానించవచ్చు. చిప్ అడుగున తారు అసలే లేకుండా రాయి శుభ్రంగా ఉంటే, అది నీటి వల్ల తారు విడిపోయిన లక్షణం. చిత్తూరు ప్రాంతపు గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, అటువంటి రాయి తారు కంటే నీటినే ఎక్కువగా ఇష్టపడుతుంది. ఈ రెండు రకాల జబ్బులకూ మందు ఒకటి కాదు కనుక ఈ తేడాను జాగ్రత్తగా గమనించండి.

ఇక బీటల విషయం. చక్రాలు నడిచే గాడిలో మాత్రమే మొసలి చర్మంలాగా చిన్నచిన్న ముక్కలుగా బీటలు ఉంటే, అది బరువుకు అలసిపోయిన రోడ్డు; లోపం కింది పొరల్లోనో, మందంలోనో ఉండవచ్చు. రోడ్డు వెడల్పంతటా, వాహనాలు నడవని అంచుల్లో కూడా పెద్ద పెద్ద గళ్లుగా బీటలు పరుచుకుని ఉంటే అది తారు ముదిరిన లక్షణం. అందువల్ల నడిచేటప్పుడు ట్రాఫిక్ లేని చోట్లనే ఎక్కువసేపు ఆగండి. చాలామంది ఊహించని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి: వాహనాలు తిరగని రోడ్డులో తారు త్వరగా ముదురుతుంది. చక్రాలు నడిచేచోట పొర నలిగి ఖాళీలు మూసుకుపోతాయి. నడవనిచోట అవి తెరిచే ఉంటాయి. ప్లాట్లు అమ్ముడై ఇళ్లు కట్టని లేఅవుట్లలో, యాత్రికుల రద్దీ లేని రోజుల్లో ఖాళీగా ఎండే పార్కింగ్ స్థలాల్లో రోడ్లు వాడకుండానే ఎండిపోవడం తిరుపతి శివార్లలో మీరు చూసే ఉంటారు. అటువంటి రోడ్డు కొత్తదే కదా అని పట్టించుకోకుండా వదిలేస్తే ఇళ్లు లేచే నాటికి దానిలో మిగిలేది వదులు కంకరే.

మలుపులను, వాలులను విడిగా చూడండి. తిరుమల కనుమ దారుల వంటి చోట్ల హెయిర్‌పిన్ మలుపుల్లో టైర్లు రోడ్డును పక్కకు లాగుతాయి, దిగేటప్పుడు బ్రేకులు ముందుకు లాగుతాయి. సాగే తారు ఆ లాగుడును తట్టుకుంటుంది, పెళుసుబారిన తారు రాయిని వదిలేస్తుంది. మలుపు అంచున పోగైన వదులు చిప్స్ ద్విచక్ర వాహనదారుల ప్రాణాల మీదికి తెస్తాయి. అక్కడ కనిపించే చిన్న లోపాన్ని కూడా సమతలపు వీధిలోని పెద్ద లోపం కంటే ముందు సరిచేయాలి.

నాలుగో పని: అనుమానం ఉన్నచోట కోర్లు తీయించండి

ప్రతి రోడ్డుకూ ఇది అక్కరలేదు. ఖర్చు ఎక్కువగా పెట్టబోయే రోడ్డుకు తప్పకుండా చేయించండి. చక్రాల గాడిలో ఒకచోట, అంచు దగ్గర ఒకచోట కోర్లు తీయించి, ప్రతి కోర్‌ను పై 25 మిల్లీమీటర్లు, కింది భాగం అని రెండుగా కోయించండి. మొత్తం కోర్‌ను ఒక్కటిగా కరిగిస్తే పైన ముదిరిన తారు, కింద బాగున్న తారు కలిసిపోయి సగటు విలువ వస్తుంది, అసలు జబ్బు దాగిపోతుంది. 150 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కోర్‌లో పై ముక్క నుంచి దాదాపు 50 గ్రాముల తారే వస్తుంది. పెనెట్రేషన్ పరీక్షకు అది చాలదు కనుక ఒకేచోట పక్కపక్కన కనీసం రెండు కోర్లు తీయాలి. ఇరవై మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్ అనే పలుచని పొర అయితే కోర్‌ను కోయడం కుదరదు, చతురస్రంగా ఒక పెచ్చు తీసి పంపండి.

ల్యాబ్‌లో ద్రావకంతో తారును కంకర నుంచి వేరుచేసి, ఆ ద్రావకాన్ని రోటరీ ఎవాపరేటరులో తొలగించి, మిగిలిన తారును పరీక్షిస్తారు. ద్రావకం ఏమాత్రం మిగిలినా తారు మెత్తగా ఉన్నట్టు తప్పుడు ఫలితం వస్తుంది కాబట్టి, ఈ పనిలో అనుభవం ఉన్నచోటికే పంపండి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, ఏర్పేడు వద్ద ఐఐటీ ఉన్నాయి. వాటి సివిల్ విభాగాలను సంప్రదించి చూడండి.

ఫలితాన్ని చదవడం కష్టం కాదు. 25 డిగ్రీల వద్ద 100 గ్రాముల బరువుతో సూది 5 సెకన్లలో ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటరులో పదో వంతుల్లో చెప్పేది పెనెట్రేషన్. వీజీ-30 అనేది చిక్కదనాన్ని బట్టి పెట్టిన తారు గ్రేడు; కొత్త వీజీ-30 తారుకు అది కనీసం 45 ఉండాలి. రోడ్డు నుంచి తీసిన తారులో 30 పైన ఉంటే బీటల భయం తక్కువనీ, 20 కంటే తగ్గితే తీవ్రమైన బీటలు తప్పవనీ ఇంజనీర్లు చాలాకాలంగా పాటిస్తున్న స్థూల నియమం. పై ముక్కలో 22, కింది ముక్కలో 38 వస్తే సంతోషించండి, పైతలానికి వైద్యం చేస్తే చాలు. రెండింటిలోనూ 20 లోపే వస్తే పైపూతల మీద డబ్బు ఖర్చు చేయకండి.

ఐదో పని: దశకు తగిన వైద్యం ఎంచుకోండి

బీటలు లేకుండా, డస్ట్ పోయి, పైతలం ఎండినట్టు మాత్రమే ఉన్న రోడ్డుకు ఫాగ్ స్ప్రే సరిపోతుంది. నీటిలో సన్నని బిందువులుగా తారు కలిసి ఉండే, నెమ్మదిగా గట్టిపడే ఎమల్షన్‌ను నీటితో పలుచన చేసి, చదరపు మీటరుకు అర లీటరు నుంచి ఒక లీటరు దాకా చల్లడమే ఇది. అయిదున్నర మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవు ఉన్న వీధి 1,100 చదరపు మీటర్లు కనుక 550 నుంచి 1,100 లీటర్ల మధ్య పడుతుంది. ఈ రెండింటి మధ్య ఎంత అన్నది ఆ రోడ్డే చెప్పాలి. ముందుగా ఒక చదరపు మీటరు సుద్దతో గీసి, అర లీటరు కొలిచి సమంగా పరిచి చూడండి. వెంటనే ఇంకిపోతే పెంచండి. పైన నిలిచి మడుగు కడితే తగ్గించండి. చల్లే ముందు రోడ్డును ఊడ్చి, దుమ్మును గాలితో ఊదించాలి. ఎమల్షన్ గోధుమ రంగు పోయి నల్లబడి, తాకితే చేతికి అంటనంత వరకు వాహనాలను వదలకూడదు. తప్పనిసరిగా వదలవలసి వస్తే సన్నని ఇసుక చల్లించండి. మలుపుల్లో, వాలుల్లో మోతాదు ఎక్కువైతే రోడ్డు జారుడుగా మారుతుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతికి నేను మొగ్గు చూపను.

మూడు మిల్లీమీటర్ల లోపు బీటలు విస్తారంగా ఉంటే స్లర్రీ సీల్ (ఎమల్షన్, సన్న కంకర కలిపిన పలుచని పూత), ట్రాఫిక్ ఎక్కువైతే మైక్రోసర్ఫేసింగ్ (పాలిమర్ కలిపిన, అంతకంటే గట్టి పూత) చేయించండి. అంతకంటే వెడల్పైన బీటలను ముందుగా ఒక్కొక్కటిగా ఊది శుభ్రం చేసి, సీలెంటుతో నింపిన తరువాతే పై పొర వేయాలి. బీటల్లో మట్టి ఉండగానే పైన స్లర్రీ పరిచేస్తే మరుసటి నవంబరుకే అవే గీతలు పైకి తేలతాయి.

మొసలి చర్మపు బీటలు, కుంగిన చోట్లు ఉంటే తారు వయసుతో పాటు కింది పొరలను కూడా పరీక్షించాలి. బెంకెల్‌మన్ బీమ్‌తో గానీ, ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటరుతో గానీ రోడ్డు ఎంత వంగుతోందో కొలిపించి, ఆపై ఎస్టిమేట్ వేయండి. కింది పొరలు గట్టిగా ఉండి తారు పొర మాత్రమే పూర్తిగా ముదిరి ఉంటే, దాని మీదే కొత్త పొర పరచకుండా మిల్లింగ్ (యంత్రంతో చెక్కించడం) చేయించి తీసివేయడం మేలు. పాత బీటలు కొత్త పొరలోకి ప్రాకడం ఆ విధంగా తగ్గుతుంది. తీసిన పదార్థం వృథా కానక్కరలేదు. ప్లాంట్‌లో కొత్త మిశ్రమంతో కలిపి వాడవచ్చు, అందుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 120-2015 మార్గదర్శకాలు ఉన్నాయి. కాకపోతే అందులోని తారు పెళుసైనది కనుక, ఎక్కువ శాతం కలిపేటప్పుడు మెత్తటి గ్రేడు తారునో, ముదిరిన తారును మెత్తబరిచే రిజువెనేటరునో చేర్చి డిజైన్ చేయించాలి.

పైపూతలన్నిటినీ ఫిబ్రవరి నుంచి మే లోపు ముగించండి. వాన పడితే గట్టిపడని ఎమల్షన్ కొట్టుకుపోతుంది. మార్చి నెలాఖరు బిల్లుల ఒత్తిడిలో ఊడ్పు, ఆరబెట్టే సమయం కుదించుకుపోవడం మామూలే. ఆ రెండింటి విషయంలో మాత్రం పట్టు సడలించకండి.

ఆరో పని: కొత్త రోడ్డు వేసే రోజే దాని వయసును కాపాడండి

తరువాత పదేళ్లలో చేయగలిగిన దానికంటే ఎక్కువ మేలు ఆ ఒక్క రోజు చేయవచ్చు. చేతిలో థర్మామీటరు లేకుండా పనిచోటికి వెళ్లకండి. వీజీ-30 వాడుతున్నప్పుడు తారు 150 నుంచి 165 డిగ్రీల మధ్య ఉండాలి, మిశ్రమం కూడా 165 దాటకూడదు. పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు, రోలింగ్ 90 డిగ్రీలకు చేరేలోపు పూర్తి కావాలి. టిప్పరు నుంచి నీలిరంగు పొగ లేస్తుంటే ఆ మిశ్రమం మాడిందని గుర్తించి, ఉష్ణోగ్రత కొలిచి, హద్దు దాటితే వెనక్కి పంపండి. పల్లె రోడ్ల చిన్న పనుల్లో డ్రమ్ముల కింద కట్టెల మంట పెట్టి తారును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మరిగించడం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ తారు రోడ్డెక్కకముందే ముసలిదై ఉంటుంది. ఆ రోజుకు అవసరమైనంతే వేడిచేయించండి, మిగిలినదాన్ని మళ్లీ మళ్లీ కాచనివ్వకండి.

టిప్పరు మీద టార్పాలిన్ కప్పడం వేడిని నిలుపుతుంది, గాలి తగలడాన్నీ తగ్గిస్తుంది. తారు శాతంలో కోత పెట్టనివ్వకండి: బిటుమినస్ కాంక్రీటు అనే దట్టమైన పై పొర మిశ్రమానికి కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్దేశించిన కనిష్ఠం కంకర గ్రేడింగును (రాళ్ల సైజుల పాళ్లను) బట్టి 5.2 లేదా 5.4 శాతం. రాయి చుట్టూ పొర ఎంత పలుచనైతే ఆక్సిజన్ అంత త్వరగా లోపలికి చేరుతుంది. మన గ్రానైట్ కంకరతో పనిచేసేటప్పుడు ఫిల్లరుగా (ఖాళీలు నింపే సన్నని పొడిగా) రెండు శాతం హైడ్రేటెడ్ సున్నం కలిపించడం మంచిది. అది రాయి నుంచి తారు విడిపోకుండా చూడటమే కాక ముదరడాన్ని కూడా కొంత మందగింపజేస్తుంది. గట్టి తారైతే ఎక్కువ కాలం నిలుస్తుందన్న నమ్మకంతో లేఅవుట్ వీధుల పలుచని పొరలకు వీజీ-40 అడగకండి. భారీ లారీలు నడిచే మందపు పొరల్లో దానికి విలువ ఉంది. ట్రాఫిక్ లేని పలుచని పొరలో అది బీటల హద్దుకు మరింత దగ్గరగా ప్రయాణం మొదలుపెడుతుంది.

చివరిగా, రోడ్డు వేసిన రోజున ప్లాంట్ ట్యాంకు నుంచి కిలో తారును శుభ్రమైన డబ్బాలో నిండుగా, గాలి చేరకుండా మూతపెట్టి, తేదీ, గ్రేడు, రోడ్డు పేరు రాసి నీడపట్టున భద్రపరచమని క్వాలిటీ కంట్రోల్ వారిని అడగండి. దానితో పాటు ఒక రిజిస్టరు తెరిచి, ప్రతి జనవరిలో అవే మూడు నాలుగు చోట్ల, రూపాయి నాణెం పక్కన పెట్టి పైతలాన్ని ఫొటో తీసి అతికించండి. నాలుగైదేళ్ల తరువాత కోర్ల నుంచి తీసిన తారును ఆ డబ్బాలోని దానితో పోల్చినప్పుడు, మీ రోడ్డు ఏడాదికి ఎంత ముదురుతోందో మీ దగ్గరి లెక్కలతోనే తేలుతుంది. తరువాతి ఫాగ్ స్ప్రే ఏ సంవత్సరపు ఎస్టిమేటులో పెట్టాలో దానిని బట్టి నిర్ణయించుకోవచ్చు.